ఎగిరే రేకుల మేస్త్రీ

మా మామయ్యకి అసలు పేరు ఒకటి ఉందని ఊళ్ళో చాలామందికి తెలియదు. అందరికీ ఆయన ఎగిరే రేకుల మేస్త్రీ. నలభై ఏళ్ళు ఇళ్ళకి రేకుల కప్పులు వేశారు. ఏటా గాలుల కాలంలో ఆయన వేసిన రేకుల్లో నాలుగైనా ఎగిరిపోవాల్సిందే. మర్నాడు పొద్దున్నే నిచ్చెన భుజాన వేసుకుని బయల్దేరేవారు. ఏ మురుగుకాలవలో పడిందో, ఎవరి పెరట్లో వాలిందో వెతికి, ఒక్కో రేకునీ తెచ్చి, సుత్తితో వంకరలు తీసి, ఎక్కడిదక్కడ మళ్ళీ వేసి వచ్చేవారు. నవ్వేవాళ్ళు నవ్వేవారు. ఆయనా వాళ్ళతో పాటు నవ్వి, "రేకు పోతే ఏరుకొచ్చుకుంటాం. మనిషి పోతే ఎక్కడ ఏరతాం?" అనేవారు.

తప్పు కప్పిపుచ్చుకోవడానికి చెప్పే మాట అని నేనూ అనుకునేదాన్ని. కాదు. గాలి వచ్చే వైపు అంచున ఆయన కావాలనే మేకులు పలచగా కొట్టేవారు. మా పేటలో ఇళ్ళన్నీ పాతవి, ఇటుక మీద ఇటుక మట్టితో పెట్టి కట్టినవి. అలాంటి గోడ మీద కప్పు మరీ మొండికేస్తే గాలి గోడతోనే తగువు పెట్టుకుంటుందనీ, రెండు రేకులు వదిలేస్తే దాని కోపం చల్లారుతుందనీ ఆయన నమ్మకం. ఎవరూ నేర్పింది కాదు. నలభై ఏళ్ళు కప్పుల మీద మోకాళ్ళు అరగదీసుకుని తెలుసుకున్నది.

ఆయన్ని అందరికంటే ఎక్కువ ఆటపట్టించేది ఆయన అక్క. నాకు వరసకి పెద్దమ్మ. మా ఇంటికి రెండు వీధుల అవతల, అక్కాతమ్ముళ్ళిద్దరూ పుట్టిన ఇంట్లోనే ఒక్కతీ ఉండేది. బడిపిల్లల చొక్కాలు, లంగాలు కుట్టేది. గాలివాన వస్తోందని మైకులో చెప్పడం ఆలస్యం, ఊరందరికంటే ముందు బడి భవనానికి చేరేది. కుట్టు మిషను తలకాయ విప్పి, దుప్పట్లో చుట్టి, చంటిపిల్లలా చంకనేసుకుని వెళ్ళేది. అక్కడ మెట్ల కింద మూల ఆమెది. ఇంకెవరూ కూర్చునేవారు కాదు.

"మా తమ్ముడు వేసిన కప్పు కింద కంటే ఆకాశం కింద పడుకోవడం నయం. అదైతే ఎగిరిపోదు" అనేది. ఏటా అదే మాట. ఏటా కొత్తగా విన్నట్టే నవ్వేవాళ్ళం. ఆ వెక్కిరింతే ఆమెని కాపాడుతోందని మాకు ఎవరికీ తట్టలేదు.

నేను మునిసిపల్ ఆఫీసులో, ఇళ్ళ ప్లాన్లకి అనుమతులిచ్చే సెక్షన్లో టైపిస్టుని. ఆఫీసులో నన్ను ఎగిరే రేకుల వారి కోడలనేవారు. పైకి నవ్వేదాన్ని. లోపల మాత్రం ఒళ్ళు మండేది. ఇంత మంచి మనిషికి ఈ పేరేమిటి, ఎలాగైనా దీన్ని వదిలించాలి అనుకునేదాన్ని. నా తప్పు అక్కడే మొదలైందని ఇప్పుడు అనుకుంటాను.

ఒక ఏడాది గాలికి ఊళ్ళో సగం కప్పులు లేచిపోయాయి. అందుకని మరుసటి వేసవిలో ఇళ్ళు కట్టడానికి కొత్త నిబంధనలు వచ్చాయి. నలభై రెండు పేజీల పుస్తకం. ఫ్యాను కూడా సరిగ్గా తిరగని గదిలో చెమటలు కక్కుకుంటూ మూడు వారాలు టైపు చేశాను. అయ్యాక మా ఇంజనీరు గారు పిలిచారు. ఆయన కుర్రవాడు, పని మీద శ్రద్ధ ఉన్నవాడు, చెడ్డవాడు కాదు. జనం నలభై రెండు పేజీలు చదవరనీ, ఇప్పుడున్న ఇళ్ళ వాళ్ళకి పనికొచ్చేవి ఏరి, తలుపుకి అంటించుకునేలా ఒక్క పేజీ చెయ్యమనీ చెప్పారు. ఒక్కటే పేజీ, వెనకవైపు కూడా వద్దన్నారు.

చేశాను. కప్పు రేకుని దూలానికి కొక్కీ బోల్టుతో బిగించాలి. బోల్టుకీ బోల్టుకీ మధ్య జానెడు కంటే ఎక్కువ ఎడం ఉండకూడదు. దూలాన్ని ఇనుప పట్టీతో గోడకి కట్టాలి. తలుపులకి అడ్డగడియ ఉండాలి. అన్నీ పెట్టేసరికి మూడు లైన్లు పేజీ దాటాయి. మా సెక్షన్లో ఒక అలవాటు ఉంది. కాగితం దాటిన దాన్ని కిందినుంచి కోసేస్తాం. ముఖ్యమైనవన్నీ పైన ఉంటాయని, అడుగున మిగిలేవి మిగులే అని మా నమ్మకం. ఆ మూడు లైన్లు పాత గోడల గురించి. తీసేశాను. ఇంజనీరు గారు పైనుంచి కిందికి ఒకసారి చదివి సంతకం పెట్టారు. మర్నాడే అచ్చుకి వెళ్ళింది.

అచ్చయిన మొదటి కాగితం మామయ్య కోసం ఇంటికి తెచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, వీధరుగు మీద కూర్చుని, ఒక్కో మాటా పైకి చదివారు. నువ్వు రాసిందేనా అని అడిగారు. తగ్గించింది నేనేనన్నాను. రాయడం కంటే తగ్గించడమే కష్టమని, రేకు కోసేవాడికి ఆ సంగతి తెలుసని అన్నారు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నారు. ఆ సాయంత్రం మా ఆయన బస్సు డ్యూటీ దిగి వచ్చేసరికి, అతనికీ మొత్తం చదివి వినిపించారు.

మర్నాటి నుంచి ఆయన వేరే మనిషి. మేకుల సంచి మూల పడేసి, బోల్టులూ పట్టీలూ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. ఇన్నాళ్ళూ వదులుగా వేసిన కప్పుల్ని కాగితం ప్రకారం జానెడుకొకటి చొప్పున బిగించారు. అలా పందొమ్మిది ఇళ్ళు చేశారు. జేబులోంచి కాగితం తీసి ఇంటివాళ్ళకి చూపించి, "మా కోడలు రాసింది" అనేవారట. ఆ మాట నాకు చేరినప్పుడల్లా రెండు రోజులు పొంగిపోయి తిరిగేదాన్ని.

పెద్దమ్మ ఇల్లు బిగించింది ఒక సెలవు రోజున. నిచ్చెన పట్టుకోవడానికి నేను వెళ్ళాను. పెద్దమ్మ గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, తమ్ముడిని ఒక కంటా చేతిలోని చొక్కా కాజాలని ఒక కంటా చూస్తోంది.

"ఏరా, ఇన్నాళ్ళకి నీ రేకులకి కాళ్ళు కట్టేస్తున్నావా?" అంది.

ఆయన నోట్లో బోల్టులు ఉన్నాయి. ఎండ దిగేసరికి పని అయిపోయింది. కప్పు అంచు పట్టుకుని తన బరువంతా వేసి వేలాడి చూశారు. కదల్లేదు. పెద్దమ్మ ఆ రోజు మొదటిసారి తమ్ముడి పనిని మెచ్చుకుంది. "ఇప్పుడు ఇల్లు ఇల్లులా ఉంది" అంది. ఆయన ముఖం చూడాలి. అరవై రెండేళ్ళ మనిషి, అక్క మెచ్చుకుందని సిగ్గుపడ్డారు.

కానీ వెంటనే దిగలేదు. నిచ్చెన మీదే నిలబడి గోడ మీద అరచెయ్యి పెట్టారు. ఇటుకల మధ్య మట్టిని గోటితో గీశారు. కొంచెం రాలింది.

"అమ్మాయ్, కప్పుని గోడకి కట్టాం. బాగానే ఉంది. మరి గోడని దేనికి కట్టాం?"

నాకు లీలగా ఏదో గుర్తొచ్చింది. ఆ మాట ఎక్కడో టైపు చేశాననిపించింది. అది పుస్తకంలో ఉందా, కాగితంలో ఉందా, కొత్త ఇళ్ళకా, పాత ఇళ్ళకా, ఏమీ తేలలేదు.

"దాని గురించి ఏదో ఉంది మామయ్యా. రేపు ఆఫీసులో పుస్తకం చూసి చెప్తాను" అన్నాను.

సరేనని దిగారు.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళేసరికి కాగితాల కట్టలు వచ్చి ఉన్నాయి. పేటకి ఇన్నని విడగొట్టి పంపాలి. ఆ పనిలో పడ్డాను. ఆ మర్నాడు బడి భవనంలో నీళ్ళ డ్రమ్ములు, లాంతర్లు, మందుల పెట్టెల జాబితా టైపు చెయ్యమన్నారు. మూడో రోజు భోజనం డబ్బా మూత తీస్తుంటే గుర్తొచ్చింది. తిన్నాక చూద్దామనుకున్నాను. చూడలేదు. మామయ్య మళ్ళీ అడగలేదు. ఆయనకి ఏదో తెలిసే ఉంటుంది, తెలియనిదేముందిలే అని నేను అనుకున్నాను. అమ్మాయి చూస్తానంది, ఏమీ లేదు కాబట్టే చెప్పలేదు అని ఆయన అనుకున్నారు. పుస్తకం నా బల్లకి ఎదురుగా ఉన్న బీరువాలోనే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది.

గాలివాన ఆ నెలాఖరున వచ్చింది. ముందురోజు మధ్యాహ్నం నుంచే మైకు తిరిగింది. ఆఫీసులో ఫోన్ల దగ్గర నాకు డ్యూటీ వేశారు. మా ఆయన బస్సులో జనాన్ని బడికి చేరవేస్తున్నాడు. మామయ్య బడి దగ్గర ముసలివాళ్ళని చెయ్యి పట్టుకుని దింపుతున్నారు. సాయంత్రం మా ఆయన పెద్దమ్మ గుమ్మం ముందు బస్సు ఆపి హారన్ కొట్టాడు. ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపింది.

"నేనెందుకురా రావడం? మీ నాన్న చేత్తో బిగించిన ఇల్లు. కదలమన్నా కదలదు. నా బదులు ఆ సీట్లో ఇంకొకళ్ళని ఎక్కించుకో. నాకు కుట్టాల్సిన బట్టలున్నాయి" అంది.

మా ఆయన దిగి బతిమాలాడు. ఆమె వినలేదు. వెనక సీట్లలో పసిపిల్లలు ఏడుస్తున్నారు. వాళ్ళని దించి మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. మళ్ళీ వెళ్ళే వీలు దొరకలేదు. అప్పటికే దారి మీద చెట్లు పడ్డాయి.

తెల్లవారిన తర్వాత గాలి ముదిరింది. బడిలో మెట్ల కింద మూల ఖాళీగా ఉండడం మామయ్య అప్పుడు చూశారట. ఏ ఏడూ ఖాళీగా లేని మూల. కొడుకుని పిలిచి అక్క ఏదీ అని అడిగారు. జరిగింది చెప్పగానే గుమ్మం వైపు పరిగెత్తారు. నలుగురు కలిసి ఆపాల్సి వచ్చింది. నలుగురూ తనని పట్టుకుని ఉండగానే, ఎగిరిపో, ఎగిరిపో అని గొణుగుతూ కూర్చున్నారని మా ఆయన చెప్పాడు. ఎవరి గురించి అంటున్నారో మొదట అతనికి అర్థం కాలేదు. అక్క ఇంటి మీద తను బిగించిన రేకుల గురించి.

మధ్యాహ్నానికి గాలి తగ్గింది. నేను ఆఫీసు నుంచి మోకాలి లోతు నీళ్ళలో నడిచి పెద్దమ్మ ఇంటికి వెళ్ళేసరికి మామయ్య, మా ఆయన అక్కడే ఉన్నారు. కప్పు నేల మీద ఉంది. ఒక్క రేకు ఊడలేదు. ఒక్క బోల్టు వదల్లేదు. ఇనుప పట్టీలు గోడ పై వరసల్ని ఇంకా గట్టిగా పట్టుకునే ఉన్నాయి. గోడే లేదు. కప్పు లేచినప్పుడు గోడని కూడా పెళ్ళగించి, పక్కకి ఒరిగి మొత్తంగా కిందికి దిగిపోయింది. అది ఆమె మీద మూతలా ఉంది.

కప్పు ఎత్తడానికి బోల్టులు విప్పాలి. మామయ్య స్పానరు తెచ్చి ఒక్కొక్కటే విప్పారు. వేరేవాళ్ళు చెయ్యి వెయ్యబోతే వెయ్యనివ్వలేదు. జానెడుకొక బోల్టు. చాలాసేపు పట్టింది. పెద్దమ్మ మిషను పక్కనే దొరికింది. చేతిలో కత్తెర ఉంది.

మర్నాడు ఆఫీసులో బీరువా తెరిచాను. ముప్ఫై ఒకటో పేజీ. నా వేళ్ళతో నేను కొట్టిన అక్షరాలు. "మట్టితో కట్టిన పాత గోడలకు ముందుగా కాంక్రీటు బెల్టు వేయవలెను. అట్లు వేయని గోడలపై కప్పును బిగించరాదు. అట్టి ఇండ్లలో గాలివాన సమయమున ఎవరును ఉండరాదు." మూడు లైన్లు. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు. చాలా రోజుల వరకూ రాలేదు.

మామయ్య బిగించిన ఇళ్ళలో ఇంకో రెండింటికి గోడలు పడ్డాయి. వాటిలో ఆ సమయానికి మనుషులు లేరు. విచారణ పెట్టారు. మా ఆఫీసు హాల్లోనే. వాంగ్మూలాలు టైపు చేసే పని నాకే పడింది, సెక్షన్లో టైపిస్టుని నేనొక్కదాన్నే కాబట్టి. మామయ్య ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, కుర్చీ అంచున కూర్చున్నారు. నలభై ఏళ్ళ అనుభవం ఉన్నవారు, మట్టి గోడ ఇంత బిగువుకి ఆగదని మీకు తెలియదా అని ఇంజనీరు గారు అడిగారు.

మామయ్య చెయ్యి చొక్కా జేబు దగ్గరికి వెళ్ళింది. కాగితం అక్కడే ఉంది, మడతల దగ్గర చిరిగి. చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఒళ్ళో పడింది.

"తెలీలేదండీ. తెలీక చేశాను."

నేను టైపు మిషను మీంచి చేతులు తీశాను. "ఆయన నన్ను అడిగారు సార్. చూసి చెప్తానని నేను చూడలేదు. కాగితంలోంచి ఆ మూడు లైన్లు తీసేసింది కూడా నేనే."

ఇంజనీరు గారు తల ఎత్తలేదు. ఆ కాగితం మీద ఉన్నది ఆయన సంతకం. కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి, "మీ వాంగ్మూలం ఎవరూ అడగలేదమ్మా. మేస్త్రీ చెప్పింది టైపు చెయ్యండి" అన్నారు.

నేను కదల్లేదు. అప్పుడు మామయ్య నా వైపు తిరిగారు.

"టైపు చెయ్యి అమ్మాయ్."

చేశాను. తెలియక చేసితిని అని. ఆ రెండు మాటలు కొట్టినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఇంటికి నడిచి వెళ్తుంటే దారిలో అడిగాను, ఎందుకిలా చేశారని. కాలవ దాటాక చెప్పారు. "నిన్ను తీసేస్తే రెండో కాగితం ఎవరు రాస్తారు? పదహారు ఇళ్ళు ఇంకా నిలబడే ఉన్నాయి."

రెండో కాగితం రాశాను. ఆ మూడు లైన్లు అన్నిటికంటే పైన పెట్టాను, రాదు, వలెను లేకుండా, మనుషులు మాట్లాడుకునే మాటల్లో. చోటు చాల్లేదు. ఈసారి పైనుంచి కోశాను. ఆఫీసు పేరు, ముద్ర, నిబంధన సంఖ్య తీసేశాను. ఇంజనీరు గారు చదివారు. ఆఫీసు పేరు ఏదని అడుగుతారనుకున్నాను. అడగలేదు. సంతకం పెట్టి, కాగితం రెండు చేతులతో నాకు ఇచ్చారు.

మామయ్య స్పానరు పట్టుకుని ఆ పదహారు ఇళ్ళకీ వెళ్ళారు. గాలి వైపు అంచున ఒకటి విడిచి ఒకటి బోల్టులు విప్పారు. మొన్న బిగించి ఇవాళ విప్పుతావా, మతి ఉందా అని తిట్టినవాళ్ళున్నారు. అక్కని పొట్టన పెట్టుకున్నావు, ఇక మా మీద పడ్డావా అని కూడా ఒకావిడ అంది. అన్నీ పడ్డారు. విప్పడం అయ్యాక ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట చెప్పారు, మైకు వినపడగానే బడికి వెళ్ళండి, నా కప్పుని నమ్మకండి అని.

ఆ కాలం ముగిసేలోగా ఇంకో గాలివాన వచ్చింది. అంత పెద్దది కాదు గానీ చిన్నదీ కాదు. పేటంతా బడిలోనే ఉంది. మామయ్య కుట్టు మిషను తలకాయ దుప్పట్లో చుట్టి తెచ్చి, మెట్ల కింద మూలలో పెట్టి, పక్కన కూర్చున్నారు. పొద్దుటికి ముప్ఫై నాలుగు రేకులు ఎగిరిపోయాయి. ఒక్క గోడ పడలేదు. ఒక్క మనిషి పోలేదు.

వాన వెలిశాక ఆయన నిచ్చెన భుజాన వేసుకుని బయల్దేరారు. వెనకే నేను సంచి పట్టుకుని వెళ్ళాను. వీధి మలుపులో పాలు పోసే ఆవిడ మమ్మల్ని చూసి, "ఎగిరే రేకుల మేస్త్రీ వస్తున్నాడు, మన రేకు ఎక్కడ పడిందో చూసి చెప్పండి" అని లోపలికి కేకేసింది. వెక్కిరింత కాదు, అలవాటు. మామయ్య నిచ్చెన దించి గోడకి ఆనించారు. ఆ గోడ మీదే తల ఆనించి, అక్క పోయిన తర్వాత మొదటిసారి ఏడ్చారు. నాకూ అప్పుడే వచ్చింది ఏడుపు.

"ఆ రోజు చూస్తానని చూడలేదు మామయ్యా" అన్నాను. హాల్లో అందరి ముందూ చెప్పాను గానీ ఆయనతో విడిగా ఎప్పుడూ చెప్పలేదు.

కళ్ళు తుడుచుకుని, "నేనూ రెండోసారి అడగాల్సింది" అన్నారు. నిచ్చెన ఎత్తుకుని నడిచారు.

ఇది జరిగి తొమ్మిదేళ్ళయింది. మామయ్య ఇప్పుడు నిచ్చెన ఎక్కడం లేదు. కానీ ఏదైనా రెండుసార్లు అడుగుతారు. వీధి తలుపు గొళ్ళెం వేశావా అమ్మాయ్ అంటారు. వేశానంటాను. కాసేపాగి మళ్ళీ అదే అడుగుతారు. మతిమరుపు వచ్చిందేమో, డాక్టరుకి చూపిద్దామని మా ఆయన అంటాడు. నేను వద్దంటాను. మొదటిసారి అడిగినప్పుడు కూర్చున్నచోటి నుంచే జవాబు చెప్తాను. రెండోసారి అడిగినప్పుడు లేచి వెళ్ళి, గొళ్ళెం చేత్తో పట్టుకుని చూసి, అప్పుడు వచ్చి చెప్తాను.